మోసినదానికి వాటా

నాకో జబ్బుంది. పాడైపోయిన వస్తువుని చూస్తే ఏమీ అనిపించదు. బాగున్నదాన్ని చూస్తే మాత్రం ఎందుకు బాగుందో తెలిసేదాకా అన్నం సహించదు. ఇది మా అబ్బా నుంచి వచ్చింది. విజయవాడ వన్‌టౌన్‌లో ఆయనది కుట్టుమిషన్ల రిపేరు కొట్టు. ఆగిపోయిన మిషను ఎవరైనా తెస్తే మాట్లాడకుండా విప్పేవాడు. మా మిషను ఇన్నేళ్ళుగా ఆగకుండా తిరుగుతోందని ఎవరైనా అంటే మాత్రం కొట్టు మూసి, వాళ్ళింటికి వెళ్ళి చూసొచ్చేవాడు. "చెడిపోవటానికి కారణం అక్కర్లేదు సబీహా. చెడిపోకపోవటానికే కావాలి" అనేవాడు. అమ్మీ ఈ మాటకి విసుక్కునేది. ఆ పూట కొట్టు మూసినందుకు ఆవిడ కోపం ఆవిడది.

నేను ప్రభుత్వ బడుల భవనాలు చూసే ఆఫీసులో అసిస్టెంట్ ఇంజనీరుని. ఆ ఏడాది మాకు పదేళ్ళ ప్రణాళిక తయారుచెయ్యమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఏ బడికి ఏ సంవత్సరం ఏ మరమ్మతు చెయ్యాలి, ఆ డబ్బు ఎక్కణ్ణుంచి తేవాలి అన్నది ముందే తేల్చి పెట్టుకోవాలన్నమాట. వినటానికి ఎంత బాగుందో. చెయ్యటానికి మాత్రం మాకో యాప్ ఇచ్చారు. బడి ఫొటోలు చూసి, వెళ్ళి తనిఖీ చేసి, ఒక రంగు నొక్కాలి. ఎరుపంటే ప్రమాదం. పసుపంటే కొన్నేళ్ళు ఆగొచ్చు. ఆకుపచ్చంటే బాగుంది, ఇక పదేళ్ళదాకా దాని మొహం చూడక్కర్లేదు.

ఎరుపు నొక్కితే ఇంకోటి కూడా జరుగుతుంది. పిల్లల్ని వెంటనే పక్క ఊరి బడికి పంపాలి. డబ్బు వచ్చాక భవనం బాగుచేసి వాళ్ళని వెనక్కి తీసుకురావాలని రూలు. ఆ డబ్బు వచ్చేలోపు పిల్లలు అక్కడ అలవాటు పడతారు, లేదా బడి మానేస్తారు. ఇక్కడ పిల్లలు లేరు కాబట్టి బడి అక్కర్లేదని ఇంకో ఉత్తర్వు వస్తుంది. నేనెరిగినంతలో అలా వెళ్ళి తిరిగొచ్చిన బడి ఒక్కటీ లేదు.

మా పై అధికారి జాన్ పాల్ గారి గదిలో గోడంత మ్యాపు ఉంది. సముద్రం వైపు ఊళ్ళన్నిటికీ ఎర్ర చుక్కలే. ఉప్పుగాలికి ఇనుము తుప్పు పట్టి, శ్లాబులు పెచ్చులూడి, ఆ వరసంతా దద్దుర్లు లేచినట్టుంటుంది. దాని మధ్యలో ఒకే ఒక్క ఆకుపచ్చ చుక్క, మొగపాలెం అనే చేపలు పట్టేవాళ్ళ ఊరు.

"ఆ చుక్క మన పరువమ్మా. రేపు ప్రజెంటేషన్‌లో మొదటి స్లయిడ్ అదే" అన్నారు జాన్ పాల్ గారు.

"ఆ బడి రిపేరుకి మనం ఎప్పుడూ ఏమీ ఇవ్వలేదు సార్. స్కీము వచ్చినప్పుడల్లా ముందు గోడకి రంగేశాం, అంతే. మరి ఎలా బాగుంది?"

"బాగుంటే సంతోషించాలి గానీ కోడిగుడ్డుకి ఈకలు పీక్కూడదు. వెళ్ళి ఓ ఫొటో తీసుకుని వచ్చెయ్."

వెళ్ళాను. ఏప్రిల్ నెల ఎండ. కూచిపూడి దాటాక బస్సులో కునుకు పట్టింది, అవనిగడ్డలో దిగి ఆటో ఎక్కేసరికి ఒళ్ళంతా ఉప్పు. అప్పుడే సముద్రంలో వేట నిషేధం మొదలైంది. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏటా ఏప్రిల్ మధ్య నుంచి జూన్ మధ్యదాకా పడవలు సముద్రంలోకి పోకూడదు. ఒడ్డున పడవలన్నీ బోర్లా తిప్పి ఉన్నాయి. రోడ్డు కూడా దాదాపు అక్కడే ఆగిపోయింది.

బడిని చూసి నోరెళ్ళబెట్టాను. నలభై ఏళ్ళనాటి భవనం నిన్న కట్టినట్టుంది. శ్లాబు మీద ఒక్క బీట లేదు. కిటికీ రెక్కలు వేలితో నెడితే తెరుచుకున్నాయి. ప్రభుత్వ బడిలో కిటికీ రెక్క వేలితో తెరుచుకోవటం నా ఉద్యోగంలో అదే మొదలు. సముద్రం వైపు మూలన, గోడకి పసుపు రాసి కుంకుమ పెట్టి ఉంది. పైన మేకుకి ఎండిపోయిన నిమ్మకాయల దండ వేలాడుతోంది.

హెడ్‌మిస్ట్రెస్ హేమ గారు మర్యాదగా కుర్చీ వేసి, మజ్జిగ ఇచ్చి, ఎప్పుడు వెళ్తారని కూడా అంతే మర్యాదగా అడిగారు. నాకు అర్థమైంది. ఆవిడ భయం నా చేతిలో ఉన్న ఫోన్.

"మేడమ్, పక్క ఊరి బడికి వెళ్ళాలంటే కాలవ దాటాలి. వానాకాలం దాన్ని పడవలో దాటాలి. ఆ ఊళ్ళో కలిపేస్తే మా ఆడపిల్లలు సగం మంది బడి మానేస్తారు. మీకు తెలుసుగా" అన్నారు. "మాది బాగుంది. మీరే చూస్తున్నారు. ఆకుపచ్చ నొక్కేసి వెళ్ళండి."

"తప్పకుండా నొక్కుతాను. ఎవరు చేయిస్తారండీ రిపేర్లు?"

"ఊరు."

"ఊరంటే? చందాలా? దాతలా?"

"అట్లా ఏం లేదు మేడమ్. ఊరు చేసుకుంటుంది" అని ఆవిడ మాట తప్పించేశారు. ప్రభుత్వ భవనాన్ని ప్రైవేటు మనుషులు ముట్టుకున్నారని నేనెక్కడ రాసుకుంటానో అని ఆవిడ బెంగ. చెప్పకూడదనుకుంటే నాకు అసలు చెప్పకుండా ఉండాలి. సగం చెబితే నన్ను ఆపటం మా అమ్మీ వల్లే కాలేదు.

గోడకి ఉన్న పసుపు మీద చెయ్యి పెట్టి, "మరి ఇదేంటండీ?" అన్నాను.

"అది అణియం" అన్నారు వెనకనుంచి ఎవరో. "పడవకి ముక్కు ఉండిద్ది చూడండి, అది. నీళ్ళలోకి తోసే రోజున దానికి పూజ చేస్తాం."

తిరిగి చూశాను. నడివయసు దాటిన మనిషి, చేతికి మోచేతిదాకా ఆరిపోయిన జిగురు. పేరు కాశీరావు. ఊళ్ళో ఫైబర్ పడవల్ని బాగుచేసేది ఈయనే. చిల్లుపడ్డచోట మ్యాట్ అనే ఫైబర్ గుడ్డ పరిచి, రెజిన్ అనే జిగురు పూసి, అది గట్టిపడేదాకా రుద్దుతాడు. ఆయన వెనక భార్య సన్యాసమ్మ. ఒడ్డుకొచ్చిన చేపని వేలంపాటలో అమ్మేదీ, వాటాలు వేసేదీ ఆవిడ.

"బడికి అణియం ఏంటండీ బాబాయి గారూ?" అన్నాను.

ఆయన హేమ గారి వంక చూశాడు. ఆవిడ తల పట్టుకున్నారు. సన్యాసమ్మ మాత్రం వచ్చి అరుగు మీద నింపాదిగా కూర్చుంది. చెప్పాలని ఆవిడకి ఎప్పటినుంచో ఉన్నట్టుంది, అడిగినవాళ్ళే లేరు.

"వేట వచ్చిందనుకోండి, డీజిలు, ఐసు ఖర్చులు పోను మిగిలిందాన్ని వాటాలేస్తాం. మనిషికో వాటా. వలకో వాటా. ఇంజనుకో వాటా. పడవకో వాటా. పడవ వాటా పడవ గలాయన తినేదానికి కాదండి. అది పడవదే. వేసంగిలో పడవ బాగుచేసుకోటానికి. దాన్ని ముట్టుకుంటే కళ్ళు పోతాయని మా పెద్దోళ్ళు చెప్పారు. బడికీ అట్టాగే."

"బడికి ఎందుకు?"

"నా చిన్నప్పుడు పెద్ద గాలివాన వచ్చింది. ఊళ్ళోకి నీళ్ళొచ్చేసినయ్. ఊరు ఊరంతా ఈ శ్లాబెక్కి తెల్లార్లూ కూకున్నాం. నీళ్ళు తీసినాక మా నాయన వాళ్ళు కూర్చుని మాట్టాడుకున్నారు. నీళ్ళ మీద మనల్ని ఏది మోస్తే అది పడవే గదా, మోసినదానికి వాటా ఉండాల అన్నారు. ఆ ఏడు నుంచి ప్రతి పడవలోంచీ బడికో వాటా తీస్తన్నాం. చేప పడ్డా పడకపోయినా."

"చేప పడని ఏడు?"

"తక్కువొస్తది. వాటా మాత్రం వాటాయే."

కాశీరావు అందుకున్నాడు. వేట నిషేధంలో పడవలు ఒడ్డునుంటాయి, మగవాళ్ళు ఖాళీ. బడికీ అప్పుడే వేసవి సెలవులు. పడవల పనితోపాటు బడి పని కూడా పెట్టుకుంటారు. మొత్తం ఒకేసారి చెయ్యరు. ఒక వేసవికి శ్లాబు, ఇంకో వేసవికి తలుపులూ కిటికీలూ, తర్వాత గోడలు, తర్వాత పిల్లర్లు, మళ్ళీ శ్లాబు. పాడైందా లేదా అని చూడరు. వంతు వస్తే చేసేస్తారు.

"పాడవకపోయినా చేస్తారా?"

"పాడయ్యేదాకా చూస్తే సముద్రం అడుగునుంటామండి" అన్నాడాయన, నేనేదో చిన్నపిల్లలా అడిగినట్టు.

నాకు ఎగిరి గంతేయాలనిపించింది. మా ఆఫీసులో ఏళ్ళతరబడి మీటింగులు పెట్టుకుని, టీలు తాగి, పదేళ్ళ ప్రణాళిక అంటే ఏంటో అర్థంకాక జుట్టు పీక్కుంటుంటే, ఇక్కడ మనుషులు దాన్ని చేపల బుట్ట పక్కన కూర్చుని నడిపించేస్తున్నారు. మా లెక్కలో డబ్బు విరిగినదాని వెనక పరిగెడుతుంది. వీళ్ళ లెక్కలో డబ్బు ముందే వెళ్ళి కూర్చుంటుంది. అబ్బా ఉంటే ఆ అరుగు మీదనుంచి లేచేవాడు కాదు.

సంతోషంలో నా సంచిలోంచి సుత్తి తీశాను. తనిఖీకి వచ్చిన చోటల్లా పిల్లర్లని చిన్న సుత్తితో తట్టి చూడటం నా అలవాటు. అక్కడ అవసరముందని తట్టలేదు, అలవాటుకొద్దీ తట్టాను. గట్టి కాంక్రీటు మీద దెబ్బ పడితే ఠంగుమంటుంది. సముద్రం వైపు గది మూల పిల్లర్ మీద తడితే డొబ్‌మంది.

మళ్ళీ తట్టాను. కొంచెం కింద. డొబ్. పక్క పిల్లర్. అదీ డొబ్బే.

నిజం చెబుతున్నాను, ఆ క్షణాన సుత్తి సంచిలో పెట్టేసి ఆటో ఎక్కెయ్యాలనిపించింది. ఫొటోలో ఆ పిల్లర్ అద్దంలా ఉంది. తట్టమని నన్నెవరూ అడగలేదు. కానీ ఒకసారి విన్నదాన్ని విననట్టు ఉండటం నా చేతకాదు.

"బాబాయి గారూ, ఈ పిల్లర్లకి ఏం పూశారు?"

"ఫైబరండి" అన్నాడు ఆయన గర్వంగా. "ఇదివరకు సున్నం కొట్టేవోళ్ళం. చెక్క పడవలు పోయి ఫైబర్ పడవలొచ్చినాక, పోయినసారి పిల్లర్ల వంతొచ్చినప్పుడు నేనే చుట్టూతా మ్యాట్ వేసి రెజిన్ కొట్టా. నేను చుట్టినదాంట్లోకి చుక్క నీరు దిగదు. మా పడవల్ని అడగండి."

"దిగదు. లోపలున్నది బయటికీ రాదు."

ఆయన మొహం మారిపోయింది. "అంటే?"

"లోపల డొల్లగా మోగుతోంది. ఇనుప చువ్వలు తుప్పుపట్టి, కాంక్రీటు విడిపోయినట్టుంది."

"ఫైబరు అట్టాగే మోగుద్దండి" అంటూ ఆయన నా చేతిలో సుత్తి లాక్కున్నంత పని చేసి, ఒడ్డున ఉన్న పడవ దాకా వెళ్ళి దాన్ని కొట్టాడు. డొబ్ అంది. "ఇదీ పాడైపోయిందంటారా మరి?"

ఆ పడవ చుట్టూ ఒకసారి తిరిగి చూశాను. ఎండలో బోర్లా పడుకుని ఉంది. పాత పొర గీకేసినచోట ఇంకా మ్యాట్ వెయ్యలేదు.

"దీనికి ఇవాళ ఎందుకు వెయ్యలేదు బాబాయి గారూ?"

"ఆరాలి గదండీ. తడిమీద వేస్తే ఫైబరు లోపల బలానికి పెట్టిన చెక్క కుళ్ళిపోదా? నాలుగు ఎండలు పడాల."

"మరి పిల్లర్‌ని ఎన్ని ఎండల్లో ఆరబెట్టారు?"

"పిల్లర్ నేల్లో ఉంటే ఎట్టా ఆర..." అని ఆగిపోయాడు.

ఆ మనిషి మాట ఆయన నోట్లోనే ఆగిపోవటం చూస్తే నాకు జాలి వేసింది. పడవ ఒడ్డెక్కి ఆరుతుంది. బడి కాళ్ళు ఎప్పుడూ ఉప్పునేల చెమ్మలోనే ఉంటాయి. సున్నం కొట్టినన్నాళ్ళూ ఆ చెమ్మ పైకెక్కి, గోడలోంచి గాలికి పోయేది. ఫైబర్ చుట్టాక దానికి దారి లేదు. పడవని ప్రేమగా చూసుకున్నట్టే చూసుకున్నాడు. బడి నిజంగా పడవ అయితే అది తప్పయ్యేది కాదు.

"ఆ గదిలో కిటికీ పక్క బెంచీ మా మనవరాలిది" అని, ఆయన కటింగ్ మిషను తెచ్చుకున్నాడు.

హేమ గారు అడ్డం వచ్చారు. "కాశీరావు గారూ, వద్దండీ. తెరిచాక ఇంకేం మిగలదు."

"తెరవకపోతే ఏం మిగిలిద్దో చూద్దామండి" అని మిషను ఆన్ చేశాడు.

అంగుళం మందాన ఫైబర్ గొట్టంలా విడిపోతూ వచ్చింది. అడుగుదాకా కోసి, చెక్కపెట్టి లాగాడు. మొదట తుప్పురంగు నీళ్ళు కారాయి. ఆ వెనకే కాంక్రీటు, తడిసిన బిస్కెట్‌లా, దానంతటదే రాలి ఆయన పాదాల మీద పడింది. లోపల చువ్వలు వేలిలావు ఉండాల్సినవి పుల్లల్లా ఉన్నాయి. కాశీరావు వాటిని పట్టుకుని చూశాడు. పొరలు పొరలుగా ఊడి చేతికొచ్చాయి. ఆయన చెయ్యి తీసి లుంగీకి తుడుచుకుని, మళ్ళీ పట్టుకుని, మళ్ళీ తుడుచుకున్నాడు.

"పైన పటారం, లోన లొటారం" అంది సన్యాసమ్మ నెమ్మదిగా. మొగుణ్ణి తిట్టినట్టు లేదు. తనని తాను అనుకున్నట్టుంది.

అప్పటికి ఊరు పోగైంది. అందరి కళ్ళూ నా ఫోన్ మీదే. హేమ గారు నన్ను పక్కకి తీసుకెళ్ళారు. "ఆ గదికి తాళం వేసేస్తాను మేడమ్. ఒక్క పిల్లని కూడా అటు పోనివ్వను. మీరు పసుపు నొక్కండి. మీ కాళ్ళు పట్టుకుంటాను."

"శ్లాబు మొత్తం ఒకటే కదండీ. ఆ కాలు వంగితే ఈ గదులూ ఆగవు."

"ఎరుపంటే బడి పోతుంది."

"తెలుసు."

"అంటే ఏనాడూ పట్టించుకోని ఊళ్ళకీ, ఇంత బాగా చూసుకున్న మాకూ ఒకటే శిక్షా?"

ఆవిడ మీద కోపం రాలేదు, మా యాప్ మీద వచ్చింది. పట్టించుకున్నారా లేదా అని అది ఎక్కడా అడగదు. విరిగిందా లేదా అన్నదే దానికి కావాలి. నా కళ్ళలో నీళ్ళు తిరుగుతుంటే ఎరుపు నొక్కాను. చాటుగా నొక్కి ఆటో ఎక్కటం నాకు ఇష్టం లేక, అందరికీ కనబడేలా ఫోన్ ఎత్తి పట్టుకుని నొక్కాను.

ఊరంతా నామీద అరిస్తే బాగుండుననిపించింది.

ఎరుపు నొక్కగానే యాప్ మామూలుగా అడిగే ప్రశ్న అడిగింది: గ్రామంలో ప్రత్యామ్నాయ వసతి ఉందా? నేను ఎన్ని ఊళ్ళలో దాన్ని చదవకుండా 'లేదు' అని నొక్కానో లెక్కలేదు. ఉండదు కాబట్టి. ఆ రోజు వేలు దానిమీదికి పోతుంటే సన్యాసమ్మ మాట్లాడింది.

"మేడమ్ గారూ, పడవ మరమ్మతుకెక్కితే అందులో మనుషులు ఆకలితో కూకుంటారా?"

"అంటే?"

"మిగతా పడవలోళ్ళు తలో మనిషినీ ఎక్కించుకుంటారు. ఆ ఏడు ఇరుగ్గా ఉంటది, అయినా ఎక్కించుకుంటారు. ఒడ్డెక్కిన పడవ వాటా కూడా ఆగదు. ఆగితే అది మళ్ళీ నీళ్ళలోకెట్టా పోద్ది? బడి ఒడ్డెక్కింది. అంతేగా మీరు చెప్పేది? పిల్లల్ని మేం ఎక్కించుకుంటాం. ఊరెందుకు మార్చాల?"

"ఎక్కడ ఎక్కించుకుంటారు?"

"వేలంపాట షెడ్డు. పాట తెల్లారగట్టే అయిపోద్ది. కడిగేసి ఇస్తాం."

"చేపల వాసన" అన్నారు హేమ గారు, కళ్ళు తుడుచుకుంటూ.

"ఆ వాసన మా పిల్లలకేం కొత్తండీ టీచరు గారూ. మీకే కాసింత అలవాటవ్వాల."

షెడ్డుకి వెళ్ళి ప్రతి స్తంభాన్నీ తట్టాను. కాశీరావు ఈసారి నా పక్కనే నిలబడి చెవి ఒగ్గి విన్నాడు. ఠంగ్. ఠంగ్. ఆఖరిది నేను తట్టకముందే సుత్తి తీసుకుని ఆయనే తట్టాడు. నేను 'ఉంది' అని నొక్కాను. ఉద్యోగంలో మొదటిసారి నొక్కాను కాబట్టి, ఆ తర్వాత ఏ పేజీ వస్తుందో కూడా నాకు తెలియదు. పిల్లల్ని పంపే పేజీ రాలేదు. మాకంతే చాలు.

విజయవాడ వచ్చాక జాన్ పాల్ గారు మ్యాపు వంక చాలాసేపు చూశారు. "ఉన్న ఒక్క పచ్చ చుక్కనీ తినేశావు కదమ్మా."

"చుక్క ముందునుంచీ ఎరుపే సార్. మనకి కనబడలేదు." ఆ ఊపులోనే, ప్రణాళికలో ఒక పేరా చేరుస్తానన్నాను. విరిగిన బడికి ఇచ్చేది ఎటూ ఇస్తున్నాం. ప్రతి బడికీ, విరిగినా విరక్కపోయినా, ఏటా ఒక వాటా పక్కన పెట్టాలి. వంతులవారీగా పని జరగాలి. తట్టి చూసే మనిషి ఏటా వెళ్ళాలి.

"బాగున్న బడికి డబ్బు కావాలని అడిగితే పైవాళ్ళు నవ్వుతారు" అన్నారాయన.

"చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే నవ్వట్లేదుగా సార్."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "రాసివ్వు. పరిశీలిద్దాం." మా ఆఫీసులో ఈ మాటకి అర్థం అందరికీ తెలుసు. అయినా రాసిచ్చాను. చివరికి ఆ పేరా ప్రణాళికలో ఉంటుందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. ఉండకపోతే వచ్చే ఏడు మళ్ళీ ఇస్తాను.

వేసవంతా మొగపాలెం నుంచి కాశీరావు నాకు ఫోన్లో ఫొటోలు పంపాడు. బాగున్న పిల్లర్లకి చుట్టిన ఫైబరంతా తనే కోసి తీసేశాడు. లోపలి చెమ్మని గాలికి పోనిచ్చి, మళ్ళీ సున్నం కొట్టాడు. శ్లాబు కింద ఊరివాళ్ళు ఇనుప జాకీలు నిలబెట్టి, చుట్టూ పాత వల కట్టి పిల్లలు పోకుండా చేశారు. మా వైపునుంచి కొత్త పిల్లర్ల డబ్బు మొదటి ఏడాది జాబితాలో పడింది. వాళ్ళకి జాబితా అంటే నమ్మకం లేదు గానీ, నా మీద ఉంది. అది ఇంకా కష్టం.

జూన్‌లో నిషేధం ఎత్తేశాక, జాకీలు ఎలా ఉన్నాయో చూడటానికి వెళ్ళాను. షెడ్డు కడిగి ఇంకా తడిగా ఉంది. హేమ గారు నల్లబల్లని ఐసు పెట్టెలకి ఆనించి ఎక్కాలు చెప్పిస్తున్నారు. ఒక్క పిల్ల కూడా కాలవ దాటలేదు. నన్ను చూసి ఆవిడ నవ్వారు. ఏప్రిల్‌లో ఇచ్చిన మజ్జిగకంటే ఆ నవ్వు చల్లగా ఉంది.

ఒడ్డున మొదటి వేట దిగింది. సన్యాసమ్మ గోనె పరిచి వాటాలు వేస్తోంది. మనుషులవి, వలది, ఇంజనుది, పడవది. తర్వాత కాస్త పక్కగా బడిది. ఒడ్డెక్కి కూర్చున్న బడికి ఎప్పట్లాగే వాటా పడింది. అక్కడితో అయిపోవాలి. ఆవిడ ఇంకో చిన్న కుప్ప వేసింది. నాలుగు రొయ్యలు, ఓ పండుగప్ప.

"ఇదెవరిదండీ?"

"సుత్తిది" అంది.

అందరూ నవ్వారు, నాకూ నవ్వొచ్చింది. మా ఆఫీసులో సుత్తి అంటే మీటింగే. "నేను తీసుకోకూడదు పిన్ని గారూ. ప్రభుత్వ ఉద్యోగిని."

"మీకెవరిచ్చారండీ? సుత్తికి. దాని డబ్బులు బడి వాటాలోనే వేసి ఉంచుతా. కాకపోతే సుత్తి నడిచి రాలేదు గదా, ఎవరో ఒకరు పట్టుకురావాల."

"పాడైనప్పుడు పిలవండి. పరిగెత్తుకొస్తాను."

అంతవరకూ వల సర్దుతున్న కాశీరావు తలెత్తాడు. ఆ వేసంగిలో ఆయన జుట్టు బాగా నెరిసింది. "పాడైనప్పుడు మాకూ కనబడుద్దండి. బాగున్నట్టు కనబడే ఏడు రావాల."

నేను సంచిలోంచి సుత్తి తీసి ఆ కుప్ప పక్కన పెట్టాను. సన్యాసమ్మ దానికి పసుపు రాసి బొట్టు పెట్టింది. ఇంటికొచ్చి అమ్మీకి చూపిస్తే, ముందు నవ్వి, తర్వాత దాన్ని తుడవకుండా అబ్బా స్క్రూడ్రైవర్ల పెట్టెలో పెట్టింది.

మర్నాడు ఆఫీసులో వచ్చే ఏప్రిల్‌కి మొగపాలెం ప్రయాణానికి ఇప్పుడే అనుమతి అడిగాను. ప్రయాణానికి కారణం రాయమన్న చోట 'బడి బాగుంది' అని రాశాను. జాన్ పాల్ గారు దాన్ని రెండుసార్లు చదివి, మ్యాపు వంక ఓసారి చూసి, సంతకం పెట్టారు.